అడిగినోళ్ల పోగు

శామీర్‌పేట పెద్దచెరువు కట్ట మీద పొద్దున ఆరున్నరకల్లా పోగులు పడతాయి. తెప్పల మీద పోయినవాళ్లు ఒడ్డుకు వచ్చి, వలలు దులిపి, దొరికిన చేపలన్నీ ఒకే పరదా మీద కుమ్మరిస్తారు. రవ్వ, బొచ్చె, జెల్ల, అప్పుడప్పుడు ఒక కొర్రమట్ట. ఎంతమంది నీళ్లలోకి దిగారో అన్ని పోగులు వేస్తారు. ఆ తర్వాత ఇంకొక్కటి వేస్తారు. అది ఆ ముందురోజు సాయపడ్డ మనిషికి. జారిపోతున్న తెప్పను పట్టుకున్నవాడికి కావచ్చు, మబ్బు చూసి కేక వేసిన బర్లకాపరికి కావచ్చు. దాన్ని చెరువు పోగు అంటారు.

పోగులు ఎంత సమంగా వేసినా మనిషి కన్ను పక్కవాడి పోగు మీదే పడుతుంది. అది కన్ను గుణం, మనిషి తప్పు కాదు. అందుకని పెద్దలు ఒక ఉపాయం చేశారు. ఒకరు పోగుల వైపు వీపు పెట్టి నిలబడాలి. ఇంకొకరు ఏదో ఒక పోగు మీద చెయ్యి పెట్టి ఇది ఎవరిదని అడగాలి. వీపు తిప్పినవాళ్లు నోటికి వచ్చిన పేరు చెప్పాలి. చెప్పాక ఆ మాటకు తిరుగు లేదు.

నాలుగేళ్లుగా ఆ పేర్లు చెప్పేది రామయ్య కూతురు అంకిత. అడిగేది బాలమల్లు.

"గిది ఎవరిది?"

"యాదయ్య మామది!"

"గిది?"

"మా బాపుది!"

"మరి గీ కొర్రమట్ట ఉన్న పోగు?"

"కాకా! ఏమున్నదో చెప్తే ఇగ నేను వీపు తిప్పుడెందుకు? అది పక్కకు వెట్టి ఇంకోటి అడుగు."

కట్ట మీద అందరూ నవ్వారు. బాలమల్లు కూడా నవ్వాడు, ఎందుకంటే ఆ కొర్రమట్ట తనకే రావాలని ఆయన ఆశ. అంకిత గొంతు ఎంత గట్టిదంటే అవతలి ఒడ్డున కొంగలు లేచిపోయేవి. ఆ పిల్లకు ఎదురుగా నీళ్లు తప్ప ఏమీ ఉండవు. వెనక ఉన్న ఇరవై మంది ముఖాలు కనిపించవు. ఆ కాసేపు ఆ చెరువంతటికీ ఆమే నోరు.

ఏడున్నరకు ఇంటికి పోయి, స్నానం చేసి, డబ్బా సర్దుకుని, తమ ఊరు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి శామీర్‌పేట చౌరస్తాకు వచ్చి ఆటో ఎక్కిందంటే మాత్రం ఆ నోరు మూతపడేది. ఎందుకంటే అది కుర్మయ్య ఆటో.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా తిరిగే షేర్ ఆటోల్లో కుర్మయ్యది అన్నిటికంటే పాతది. పోయిన ఎండాకాలం నుంచి అది ఇంగ్లీషు మాటల మీద నడుస్తోంది. అంతకుముందు డీజిల్ మీద నడిచేది. ఒకనాడు ట్యాంకు నిండా పోసినా కదలలేదు. వెనక కూర్చున్న ఒకాయన ఫోన్లో ఎవరినో ఇంగ్లీషులో కసిరాడు, వెంటనే కదిలింది. మేడ్చల్‌లో మెకానిక్ బబ్లూ ఇంజన్ అంతా విప్పి చూసి, చేతులు గుడ్డకు తుడుచుకుని, "అన్ని బరాబర్ ఉన్నయ్ తాతా. మాట్లాడెటోళ్లను జెర ముందట కూసోవెట్టుకో" అన్నాడు. కుర్మయ్య అట్లాగే చేశాడు. మిగతా ఆటోవాళ్లు "మేడ్చల్, మేడ్చల్" అని పిలిస్తే ఆయన "మేడ్చల్, మేడ్చల్, ఒక్కరు ఇంగ్లీషు!" అని పిలిచేవాడు. ఇంగ్లీషు వచ్చిన మనిషి దొరకగానే ఆటో కదిలేది.

దానికి తప్పుల పట్టింపు లేదు. మేడ్చల్ మార్కెట్లో ఆకుకూరలు అమ్మే తారాబాయి ఎక్కితే అది గుర్రం అయిపోయేది. కొత్త కాలనీల గేట్ల ముందు గంప దించి పదేళ్లుగా నేర్చుకున్న ఇంగ్లీషు ఆమెది.

"దిస్ పాలక్ మార్నింగ్ కట్. వెరీ ఫ్రెష్. మై అల్లుడు నో ఫ్రెష్. టెన్ ఓ క్లాక్ స్లీపింగ్, ట్వెల్వ్ ఓ క్లాక్ ఆల్సో స్లీపింగ్!"

ఆటో రెండు కార్లను దాటేది. "అక్కా, అల్లుని మాట జెర తగ్గించు, ముందట గుంతలున్నయ్" అని కుర్మయ్య బ్రేకు మీద నిలబడేవాడు.

తప్పులను ఏమీ అనని ఆ బండి ఒక్క దానికి మాత్రం మొండికేసేది. బట్టీ పట్టింది చెప్తే కదిలేది కాదు. అందుకే కుర్మయ్య మాటలు దానికి పనికి రాలేదు. "రైట్ రైట్, లెఫ్ట్ సైడ్, హాఫ్ బ్రేక్" అని ముప్పై ఏళ్లుగా అవే అంటూ వచ్చాడాయన. అంకిత తరగతిలో చదివే జైపాల్ కూడా ఒకసారి భంగపడ్డాడు. మేడ్చల్ దగ్గరి వాళ్ల డిగ్రీ కాలేజీలో సెల్ఫ్ ఇంట్రడక్షన్ అని ఒక జిరాక్సు కాయితం ఉండేది. ఎప్పటి సీనియరో రాసింది. పేరు దగ్గర ఒక గీత, మిగతాదంతా సిద్ధం. మా నాన్న రైతు, మా అమ్మ గృహిణి, పాటలు వినడం నా హాబీ. రాసినవాడి నాన్న రైతు కాబట్టి ఆ కాయితం పట్టుకున్న అందరి నాన్నలూ రైతులయ్యారు. జైపాల్ నాన్నకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఆయన కూడా రైతే అయ్యాడు.

జైపాల్ ఆటోలో గొంతు సవరించుకుని ఆ కాయితం మొత్తం అప్పజెప్పాడు. ఇంజన్ ఆవులించినట్లు ఒక చప్పుడు చేసి ఊరుకుంది.

"ఓ పిలగా, గా కాయిదం లోపలవెట్టు. బండికి నిద్రొస్తాంది" అన్నది తారాబాయి.

మర్నాటి నుంచి జైపాల్ మామ బైకు అడిగి తెచ్చుకుని దాని మీద కాలేజీకి రావడం మొదలుపెట్టాడు.

అంకిత ఎప్పుడూ ఆటో చివరన, వెనక వదిలిన రోడ్డుకు ఎదురుగా ఉండే బల్ల మీద కూర్చునేది. అందరి మాటలూ వినేది. ఇంగ్లీషులో ఎవరేమన్నా అర్థమయ్యేది కూడా. పదో తరగతి దాకా తెలుగులో చదివినా, పుస్తకం తీస్తే చదవగలదు, పరీక్షలో రాయగలదు. నోట్లోంచి మాత్రం ఒక్క ముక్క రాదు. "నువ్వు గూడ ఒక మాట అను బిడ్డా" అని కుర్మయ్య అడిగితే తల అడ్డంగా ఊపి డబ్బా సంచి ఒళ్లోకి లాక్కునేది.

నోరు తెరవాల్సిన రోజు రానే వచ్చింది. రెండో సెమిస్టర్ చివర ఇంగ్లీషు ల్యాబ్ వైవా పెట్టారు. టేబుల్ వెనక ఇద్దరు మేడమ్‌లు, ఒక సారు కూర్చుంటారు. ఎదురుగా నిలబడి మాట్లాడాలి. మొదటిసారి అంకిత పేరు కూడా చెప్పలేక బయటికి వచ్చేసింది. రెండోసారి జిరాక్సు కాయితం రాత్రింబగళ్లు చదివి పోయింది. సగం దాకా బాగానే వచ్చింది. అప్పుడు బిందు మేడం ప్రేమగానే ఒక ప్రశ్న అడిగింది.

"ఓ, యువర్ ఫాదర్ ఈజ్ ఏ ఫార్మర్! వాట్ డస్ హి గ్రో?"

మీ నాన్న ఏం పండిస్తాడని అడిగిందామె. కాయితంలో ఆ ముక్క లేదు. రామయ్య జన్మలో ఒక్క గింజ పండించలేదు. అంకిత ఎదురుగా ఉన్న మూడు ముఖాలను చూసింది. మూడూ సమాధానం కోసం చూస్తున్నాయి. గడియారంలో సెకన్ల ముల్లు రెండు చుట్లు తిరిగింది.

"పర్వాలేదు. వచ్చే మంగళవారం పది గంటలకు మళ్లీ రా" అన్నది బిందు మేడం తెలుగులో. పక్కనున్న సారు మాత్రం రిజిస్టర్ మూస్తూ, "అదే ఆఖరుసారి. అది కూడా తప్పితే ఏడాది పోతుంది" అన్నాడు.

ఆ సాయంత్రం రామయ్య గుమ్మం ముందు కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. అంకిత పక్కన కూర్చుని దారం అందిస్తోంది.

"బాపూ, మంగళారం ఆఖరుసారి. గది గూడ పోతే ఇగ నేను కాలేజీ బందు జేస్త. మందుల కంపెనీల ప్యాకింగ్ పని ఉన్నదంట. ఫారం గూడ తెచ్చిన."

"కంపెనీల ఏం పని?"

"పెట్టెలు కట్టుడు. పెట్టెలతోని మాట్లాడే పనుండదు గద."

రామయ్య ముడి వేసి, దారం పళ్లతో కొరికాడు. "గంతగనం ఏమడిగిన్రు బిడ్డా?"

"నువ్వు ఏం పండిస్తవని అడిగిన్రు."

"నేనా?"

"నువ్వు రైతువని చెప్పిన."

లోపల బియ్యం చెరుగుతున్న రామయ్య తల్లి శివమ్మకు ఆ మాట వినబడింది. "వీడు రైతా? వీడు పండుడు తప్ప పండించుడు నేనెన్నడు సూడలే!" అన్నది కొడుకును. ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక రామయ్య వల వైపే చూస్తూ మెల్లగా అడిగాడు.

"రైతని ఎందుకు చెప్పినవ్?"

"కాయిదంల గట్లనే ఉన్నది బాపూ."

"చేపలు వడ్తడని చెప్తే ఫెయిల్ జేస్తరా?"

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. నిజంగా తెలియకే అడిగాడు. అంకితకు మాత్రం ఆ మాట చేపముల్లులా ఎక్కడో గుచ్చుకుంది. "తెల్వదు. గట్ల ఎవ్వలు చెప్పలే" అన్నది. ఆ తర్వాత దారం చిక్కు తీస్తూ చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది.

మంగళవారం వచ్చింది. కాలేజీ పిల్లలకు సెలవులు ఇచ్చేశారు. వైవా తప్పినవాళ్లే పోవాలి. చౌరస్తాలో కుర్మయ్య "ఒక్కరు ఇంగ్లీషు, ఒక్కరు ఇంగ్లీషు" అని గొంతు పోయేలా పిలుస్తున్నాడు. వెనక బల్ల మీద అంకిత ఎక్కింది. బాలమల్లు ఆనాటి చేపలను ఐసు వేసి రెండు పెద్ద డబ్బాల్లో నింపి, మేడ్చల్ మార్కెట్‌కు తీసుకుపోవడానికి ఎక్కాడు. రోజూ వచ్చే టెంపో ఆనాడు రాలేదు. తారాబాయి ఎక్కగానే కుర్మయ్య ముఖం వెలిగింది. ఆమె చెయ్యి అడ్డం ఊపి నోరు తెరిచి చూపించింది. ముందురోజే పన్ను పీకారు. నోటి నిండా దూది.

"ఇగ సావు!" అని కుర్మయ్య స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. అంతలో ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడుతూ ప్లాట్లు అమ్మే సారు ఒకడు ఎక్కాడు. ఆటో బయలుదేరింది.

ఆ సారు దేవరయాంజాల్‌కు మళ్లే దారి దగ్గరి నుంచి మొదలుపెట్టి ఉత్తరం ముఖం, తూర్పు ముఖం అంటూ సగం దూరం లాగాడు. ఒక కొత్త వెంచర్ కమాను దగ్గర "స్టాప్, స్టాప్" అని దిగిపోయాడు. ఆయన వదిలిన మాటల వేడికి ఆటో ఇంకో వంద గజాలు పోయి, ఒక మక్కచేను పక్కన ఆగింది. అటూ ఇటూ మనిషి లేడు. పైన దుండిగల్ నుంచి లేచిన శిక్షణ విమానం ఒకటి గుండ్రంగా తిరుగుతోంది.

తొమ్మిదిన్నర అయింది. మేడ్చల్ బస్సు అప్పుడే దాటి పోయింది. ఒక కాంక్రీటు లారీ ఆపకుండా దుమ్ము కొట్టి పోయింది.

"బిడ్డా," అన్నాడు బాలమల్లు డబ్బా మూత ఎత్తి చూస్తూ, "ఐసు కరుగుతాంది. ఇందుల ఇరవై ఇండ్ల చేపలున్నయ్. నాలుగు ముక్కలు అను."

"నాకు రాదు కాకా."

"కాలేజీల ఏం నేర్పిన్రు మరి?"

అంకిత కళ్లు మూసుకుని జిరాక్సు కాయితం మొదలుపెట్టింది. "మై నేమ్ ఈజ్ అంకిత. మై ఫాదర్ ఈజ్ ఏ ఫార్మర్..." ఇంజన్ ఆవులించింది. తారాబాయి దూది నోటితోనే "ఊహూ" అని గట్టిగా మూలిగింది.

అంకిత కళ్లు తుడుచుకుంది. చేపలు ఇక్కడ, వైవా అక్కడ, తను మక్కచేను పక్కన. కుర్మయ్య దిగి తన సీటు పక్కనుంచి బండిని తోస్తే కాసేపు పోతుందేమో అని చూశాడు. బండి ఇంచు కదలలేదు.

బాలమల్లు డబ్బాలో చెయ్యి పెట్టి చూశాడు. చేపలు ఇంకా చల్లగానే ఉన్నాయి. ముందు వైపు ముఖం పెట్టి ఆయన, రోడ్డు వైపు ముఖం పెట్టి అంకిత, వీపుకు వీపు తగిలేలా కూర్చుని ఉన్నారు. నాలుగేళ్లుగా ప్రతి పొద్దున ఆ పిల్ల వీపు వైపే చూసిన మనిషి ఆయన. ఏమనుకున్నాడో, ఒక రవ్వను మొప్ప పట్టి పైకెత్తి కట్ట మీద అరిచినట్లే అరిచాడు.

"గిది ఎవరిది?"

ఆ ప్రశ్నకు ఆలోచించి చెప్పే అలవాటు అంకితకు లేదు. ఎదురుగా రోడ్డు, మక్కచేను, పైన ఆకాశం. ముఖాలు లేవు. కొంగలు లేచే గొంతుతో అన్నది.

"దిస్ ఈజ్ యాదయ్య మామాస్ ఫిష్!"

ఆటో ఒక్క ఎగురు ఎగిరింది. తోస్తున్న కుర్మయ్య ముందుకు పడబోయి, పరుగెత్తి సీటులోకి దూకాడు.

"ఆపకు బాలమల్లూ, అడుగు!" అన్నాడు ఆయన స్టీరింగు పట్టుకుంటూ.

"గిది?"

"దట్ ఈజ్ మై బాపూస్ ఫిష్! నో, నో. నాట్ హిజ్. ఫస్ట్ ఇట్ ఈజ్ లేక్స్ ఫిష్. లేక్ గివ్, దెన్ బాపు టేక్!"

ఆటో దుమ్ము లేపింది. బాలమల్లుకు ఇంగ్లీషు రాదు. ఆయన తెలుగులోనే అడుగుతూ పోయాడు. నీళ్లలోకి ఎప్పుడు దిగుతరు? ఫోర్ ఓ క్లాక్, వెన్ స్టార్స్ ఆర్ దేర్. భయమైతలేదా? నో ఫియర్, బాపు సింగింగ్, ఫిష్ లిజనింగ్. కొర్రమట్టను ఎట్ల వడ్తరు? ఆ ఒక్కచోట అంకితకు కొర్రమట్టకు ఇంగ్లీషు మాట దొరకలేదు. "కొర్రమట్ట ఈజ్ కొర్రమట్ట ఓన్లీ!" అన్నది. ఆటో ఆ మాట దగ్గర కొంచెం కూడా తడబడలేదు. పైగా ఒక ట్రాక్టరును దాటింది. తారాబాయి దూది నోటికి అడ్డం చెయ్యి పెట్టుకుని, రెండో చేత్తో అంకిత వీపు మీద చరిచింది.

పది గంటలకు అయిదు నిమిషాలు తక్కువకు కాలేజీ గేటు వచ్చింది. మేడ్చల్ మార్కెట్ అక్కడికి ఇంకా రెండు కిలోమీటర్లు. అంకిత దిగింది. ఆమె నోరు మూయగానే ఆటో కూడా నోరు మూసుకుంది.

"మీరెట్ల పోతరు?" అన్నది అంకిత.

"మా సంగతి వదిలెయ్. నువ్వు ఉరుకు!" అన్నాడు బాలమల్లు. డబ్బా కిందినుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి.

జైపాల్ తోడు కోసమని బైకు మీద ముందే వచ్చి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. తన సంచి, ఫోను వాడి చేతిలో పెట్టి అంకిత లోపలికి పోయింది.

అదే టేబుల్. అవే మూడు ముఖాలు. "ఎస్, అంకిత" అన్నది బిందు మేడం. అంకిత నోరు తెరిచింది. మూడు ముఖాలు చూసి మళ్లీ మూసేసింది. అప్పుడు పక్కనున్న కిటికీలోంచి గేటు కనిపించింది. గేటు ముందు కదలని ఆటో. ఆటోలో చేపల డబ్బా మీద తువ్వాలతో విసురుతున్న బాలమల్లు.

"మేడం," అన్నది అంకిత, "కెన్ ఐ షో మై బ్యాక్?"

సారు కనుబొమలు ఎగరేశాడు. బిందు మేడం మాత్రం "వై నాట్?" అన్నది.

అంకిత వాళ్ల వైపు వీపు తిప్పి కిటికీకి ఎదురుగా నిలబడింది.

"సో," అన్నది మేడం, "వాట్ డస్ యువర్ ఫాదర్ గ్రో?"

"నథింగ్, మేడం!"

ఆ గొంతుకు కిటికీ అద్దాలు జల్లుమన్నాయి. గేటు దగ్గర ఆటో ఉలిక్కిపడింది.

"మై ఫాదర్ ఈజ్ నాట్ ఫార్మర్. దట్ పేపర్ ఈజ్ రాంగ్. మై ఫాదర్ కాచ్ ఫిష్. శామీర్‌పేట లేక్. మార్నింగ్ ట్వెంటీ మెన్ గో, ఆల్ ఫిష్ వన్ ప్లేస్ కీప్, ట్వెంటీ హీప్స్, దెన్ ఐ షో మై బ్యాక్. ఐ టెల్ నేమ్స్. నో ఫైటింగ్!"

ఆటో కదిలింది. కుర్మయ్య గాభరాగా స్టీరింగు అందుకోవడం, తారాబాయి రెండు చేతులతో కొంగు ఊపడం, ఆటో మేడ్చల్ రోడ్డు మీదికి మళ్లడం అన్నీ అంకితకు కనిపించాయి. వాచ్‌మన్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"వై డు యు షో యువర్ బ్యాక్?" అని అడిగాడు సారు. ఆయనకు ఆ పద్ధతి మీద నిజంగానే ఆసక్తి పుట్టింది.

"బికాజ్ ఐస్ ఆర్ గ్రీడీ, సర్! ఇఫ్ ఐ సీ బిగ్ ఫిష్, ఐ టెల్ మై ఫాదర్స్ నేమ్!"

ముగ్గురూ పకపకా నవ్వారు. అంకిత ఆపలేదు. బాలమల్లు కాక కొర్రమట్ట ఆశ చెప్పింది. అవ్వ శివమ్మ కొడుకును ఏమన్నదో చెప్పింది. వాన కురిసే రోజున చెరువు వాసన ఎట్లా ఉంటుందో చెప్పబోయి, మాట దొరకక, రెండు చేతులతో గాలిని దగ్గరికి లాక్కుని చూపించింది. క్రియలు వెనకా ముందూ అయ్యాయి, కాలాలు కలిసిపోయాయి. మాట మాత్రం తెగలేదు.

"వెరీ గుడ్, అంకిత. ఇనఫ్" అన్నది బిందు మేడం పెన్ను మూత తీస్తూ.

అంకిత గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆటో కిటికీలో కనిపించడం లేదు, ఇక కిటికీతో పని లేదు. టేబుల్ మీద రెండు చేతులూ ఆనించి మూడు ముఖాల్లోకీ సూటిగా చూసింది.

"నో, మేడం! ప్లీజ్! నాట్ ఇనఫ్! ఫిష్ ఈజ్ స్టిల్ ఆన్ ద రోడ్. ఆస్క్ మీ వన్ మోర్ క్వశ్చన్!"

పదిహేనేళ్లుగా వైవాలు తీసుకుంటున్న బిందు మేడంను ఇంకో ప్రశ్న అడగమని ఒక విద్యార్థి బతిమాలడం అదే మొదటిసారి. ఆమె పెన్ను మూత పెట్టేసింది. కుర్చీ ముందుకు జరుపుకుంది. పులుసులో చింతపండు ఎంత వేస్తారో అడిగింది. చెరువులో మొసళ్లున్నాయా అని సారు అడిగాడు. మూడో ఆమె, అప్పటిదాకా ఒక్క మాట అనని మేడం, మీ అవ్వ పాటలు పాడుతుందా అని అడిగింది. ప్రశ్న వచ్చినప్పుడల్లా మేడ్చల్ రోడ్డు మీద ఒక పాత ఆటో వేగం అందుకుంటోంది.

పావుగంట తర్వాత జైపాల్ ఫోను చెవికి పెట్టుకుని తలుపులోంచి తల దూర్చాడు.

"సారీ మేడం! అంకితా, బాలమల్లు కాక ఫోన్ జేసిండు. నడుమ ఆటో జెర ఆగినప్పుడు చేపలు దిగినయంట. ఇగ ఆపుమంటున్నడు. ఆటో మార్కెట్ చుట్టు ఆగకుంట తిరుగుతాందంట, కుర్మయ్య తాత పరేషాన్ అయితుండు!"

అంకిత నోరు మూసింది. గదిలో అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. అప్పుడు గానీ ఆమెకు తెలియలేదు, తను వాళ్ల ముఖాలు చూస్తూ మాట్లాడుతోందని. ఒకసారి సిగ్గుపడి కిటికీ వైపు చూసి, మళ్లీ వాళ్ల వైపే చూసి నవ్వింది.

బిందు మేడం మార్కులు వేసింది. ఎన్నో కనిపించకుండా రిజిస్టర్ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "వచ్చే ఏడాది ఫస్టియర్ పిల్లలకు ల్యాబ్‌లో నువ్వే సాయం చెయ్యాలి" అన్నది. ఏడాది పోయినవాళ్లతో ఎవరూ అట్లా అనరు కదా.

ఆ సాయంత్రం మందుల కంపెనీ ఫారం శివమ్మకు దొరికింది. కోళ్లగూట్లోకి ఈదురుగాలి వస్తోందని దాన్ని మడిచి సందులో కుక్కింది. కాలేజీ తెరిచాక ఇంగ్లీషు ల్యాబ్‌లో జిరాక్సు కాయితాలు కనిపించలేదు. నోరు రాని పిల్లలకోసం బిందు మేడం కిటికీ పక్కన ఒక బల్ల వేయించింది, బయటికి ఎదురుగా.

కానీ అంతకంటే ముందు, ఆ బుధవారం పొద్దున్నే, చెరువు కట్ట మీద ఎప్పటిలాగే పోగులు పడ్డాయి. డబ్బాలు తీసుకుపోవడానికి కుర్మయ్య తన ఆటోను కట్ట మీదికే తెచ్చాడు. అంకిత నీళ్లకు ఎదురుగా నిలబడింది. ఇరవై పోగులు అయిపోయాయి. చెరువు పోగు మిగిలింది. అందరికీ తెలుసు, నిన్న సాయం చేసింది ఎవరో. ఆ పిల్ల తన పేరు తను చెప్పుకోదేమో అని రామయ్య వల విడిచి దగ్గరికి వచ్చాడు.

బాలమల్లు పోగు మీద చెయ్యి పెట్టాడు. "గిది ఎవరిది?"

అంకిత ఈసారి కొంచెం ఆలోచించింది. నాలుగేళ్లలో అదే మొదటిసారి.

"అడిగినోళ్లది!"

"అడిగినోళ్లు అంటే ఎవలే?"

"నిన్న మక్కచేను కాడ అడిగింది నువ్వే గద కాకా. ఆడ అడిగింది మా మేడం. సగం సగం."

"ఓరి నీ! అడుగుడు గూడ సాయమేనా?" అని బాలమల్లు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. పోగులో కొర్రమట్ట ఉందని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. "మరి మేడంకు కొర్రమట్ట వండొస్తదా?"

"రాకపోతే నేను చెప్త. ఇంగ్లీషుల చెప్త." అంకిత నీళ్ల వైపు నుంచి ఇటు తిరిగింది. ఇరవై ముఖాలు. నడుమ బాపు ముఖం. "ఫస్ట్ వాష్ విత్ సాల్ట్, మేడం. దెన్ కాల్ మై బాపు. హి ఈజ్ ఫిషర్‌మన్!"

రామయ్యకు అందులో బాపు అన్న మాట ఒక్కటే అర్థమైంది. అది చాలు.

కట్ట మీద, ఎవరూ ఎక్కని ఆటో ఒక అడుగు ముందుకు జరిగింది.